కౌన్సిలు లేని తొమ్మిదేళ్ళు

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలంటే మన హాస్టలు గదుల్లో తెల్లవార్లూ వాదనలే. అదే కార్పొరేషన్ ఎన్నికలనేసరికి "ఆఁ, అదో కాలవల గొడవలే!" అని పెదవి విరిచేస్తాం. కాని పొద్దున్న లేచింది మొదలు మనకి తగిలేది ఢిల్లీ కాదు. కుళాయి నీళ్ళు, మురుగుకాలవ, వీధిదీపం! వీటికి జవాబు చెప్పాల్సింది నగరపాలక సంస్థ.

మన విశాఖపట్నం సంగతే చూడండి. 1979లో కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాక మునిసిపాలిటీనీ, 32 గ్రామాలనూ కలుపుకొని మహా విశాఖ అయింది. 2007లో 72 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2012లో ఆ కౌన్సిలు గడువు తీరింది. మళ్ళీ ఎన్నిక ఎప్పుడనుకున్నారు? 2021 మార్చి 10న! భీమిలి, అనకాపల్లి విలీనమన్నారు, వార్డుల విభజన అన్నారు, కోర్టు కేసులన్నారు, 2020లో కరోనా వచ్చిపడింది. ఏ కారణానికాకారణం సబబుగానే కనిపిస్తుంది. మొత్తం మీద తొమ్మిదేళ్ళు స్పెషలాఫీసర్ల పాలన. 2007లో పదిహేడేళ్ళున్న కుర్రాడు తన వార్డుకి తొలి ఓటు వేసేసరికి ముప్ఫై ఒకటి దాటింది!

1993 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ ఏమంటోంది? కౌన్సిలు గడువు ఐదేళ్ళకు మించరాదు, గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలి అంటోంది. మరి ఆ అక్షరాలు ఎవరి కోసం?

"ఆఫీసర్లే నయం, కార్పొరేటర్లొస్తే కాంట్రాక్టులూ కమీషన్లూనూ" అంటారు కొందరు. నేను రైతుబిడ్డని. మా ఊళ్ళో చెరువు నీటి వంతు తప్పితే రాత్రికి రాత్రే పెద్దల అరుగు దగ్గరికెళ్ళి నిలదీస్తాం. వాళ్ళు మంచివాళ్ళా కాదా అన్నది తర్వాత. రేపు మా మధ్యే తిరగాలి గనక జవాబు చెప్తారు. ఆఫీసరు ఎంత సమర్థుడైనా బదిలీ ఉత్తర్వు పైనుంచి వస్తుంది, చూపూ పైకే ఉంటుంది. 2005లో కలిసిన పల్లెలు సర్పంచిని పోగొట్టుకున్నాయి. 2012 తర్వాత కార్పొరేటరూ లేడు. పన్నులు మాత్రం ఆగలేదు!

కౌన్సిలొచ్చాక అంతా బంగారమైందా? లేదు. 2021లో 98 మంది గెలిచి మేయరుని ఎన్నుకున్నారు. 2025 ఏప్రిల్లో అవిశ్వాస తీర్మానంతో మేయరు మారారు. ఆ మార్పులో వార్డు ఓటరుని అడిగినవాడు లేడు. అయినా పురుగు పట్టిందని నాట్లు మానేస్తామా? తొమ్మిదేళ్ళు రీడింగు తియ్యకుండా గ్రాఫు గీసుకెళ్తే మన లెక్చరరు గారు రికార్డు మీద సంతకం పెడతారా? ఎన్నిక కూడా ప్రజలు తీసే రీడింగే.

2021 నాటి కౌన్సిలుకి ఐదేళ్ళ గడువు 2026 మార్చితో సరి. ఒకప్పుడు యూనియన్ ఎన్నిక నెల ఆలస్యమైతే ప్రిన్సిపాల్ గారి గది ముందు బైఠాయించిన విద్యార్థి లోకం, నగరం ఎన్నిక ఏళ్ళ తరబడి వాయిదా పడితే ఎందుకూరుకోవాలి? మీ వార్డు నంబరెంతో తెలుసుకోండి. ఓటర్ల జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి. గడువు తేదీని మాత్రం మరవకండి. అది మరిచేది మనమైతే, దాన్ని దాటించేవాళ్ళు ఎప్పుడూ సిద్ధమే!