విప్పితే విల్లు కాదా?

"ఇది చెల్లదు సార్. మాది ట్రెడిషనల్ కేటగిరీ."

నా విల్లును చూసి ఒక పోటీ నిర్వాహకుడు అన్న మాట ఇది. కనీసం చేతిలోకి తీసుకోలేదు. పిడి దగ్గరున్న ఇత్తడి గొట్టాన్ని వేలితో తట్టి, పక్కవాడి వైపు చూసి నవ్వాడు. నాది ఆరడుగుల లాంగ్‌బో. వెదురూ, కొయ్యా. సైటు లేదు, కప్పీలు లేవు, బాణం ఆనించుకోవడానికి నా పిడికిలి తప్ప ఇంకేమీ లేదు. చేసిన నేరమల్లా ఒకటే: పిడి దగ్గర రెండుగా విడిపోతుంది. టేక్‌డౌన్.

నా తర్వాత నిలబడ్డ కుర్రాడి విల్లు ఒంటి ముక్క. దాని రెక్కలకు ఫైబర్‌గ్లాస్ పొర, అల్లెతాడు డాక్రాన్. రెండూ పోయిన శతాబ్దపు ఫ్యాక్టరీ సరుకే. అతనికి టోకెన్ ఇచ్చారు. (నా అల్లెతాడూ డాక్రానే. దాచను.) అంటే సమస్య పాతదా కొత్తదా అన్నది కాదు. ముక్కలు ఎన్ని అన్నది.

నా విల్లు ఎందుకు విడిపోతుందో ముందు చెప్తాను. నేనుండేది ఎమ్మిగనూరులో. ప్రాక్టీసు ఆదోని బయట ఒక బీడులో. మధ్యలో దాదాపు 30 కిలోమీటర్లు, బస్సులో. ఆదివారం సంతకు పోయే జనంలో ఆరడుగుల కర్ర పట్టుకుని ఎక్కి చూడండి. మొదటిసారి ఎక్కితే "ఏందప్పా అది, దిగు దిగు, ఎవరి కన్నన్నా పోతాది" అన్నాడు కండక్టరు. ఆయన తప్పేం లేదు. రెండు మూడడుగుల ముక్కలు చేసి గోనెసంచిలో చుట్టుకున్నాక ఎవరూ పట్టించుకోలేదు. ఆ విల్లు విడిపోకపోతే నేను విలుకాణ్ణే కాదు. అంతే సంగతి.

ఇప్పుడు సంప్రదాయం దగ్గరికి వద్దాం. ఒంటిముక్క వాదులు ఎప్పుడూ చూపించేది మేరీ రోజ్ ఓడని. 1545లో మునిగి, 1982లో సముద్రం పైకి తేలిన ఇంగ్లండ్ యుద్ధనౌక. అందులో దొరికిన విళ్లు 130కి పైనే, ఒక్కొక్కటీ ఒకే యూ కొయ్యలోంచి చెక్కినవి. నిజమే, అద్భుతమే. కానీ ఆ ఇంగ్లండే తన గడ్డ మీద సరైన కొయ్య చాలక 1472లో ఒక చట్టం చేసింది: సరుకుతో వచ్చే ప్రతి ఓడా టన్నుకు నాలుగు చొప్పున విల్లు బద్దలు తేవాలి. "స్వచ్ఛమైన" ఇంగ్లీష్ విల్లు సగానికి సగం దిగుమతి సరుకు. తర్వాతి కాలంలో పొడుగు కొయ్య దొరకనప్పుడు రెండు పొట్టి ముక్కల్ని పిడి దగ్గర చేప తోకలా కోసి అతికించారు. గుర్రపు బండిలో పట్టేట్టు లోహపు గొట్టంతో విడదీసే విళ్లూ 19వ శతాబ్దంలోనే చేసుకున్నారు. వాటి పేరే క్యారేజ్ బో. నాది బస్సు విల్లు అనుకోండి.

ఇంగ్లండ్ దాకా ఎందుకు? 17, 18 శతాబ్దాల్లో మన దేశంలోనే పూర్తిగా ఉక్కుతో విళ్లు చేశారు. కొమ్మూ నరమూ జిగురుతో అతికించిన విళ్లు వానాకాలపు తేమకు వదులైపోతాయి. ఉక్కుది ఏళ్ల తరబడి ఆయుధాగారంలో పడున్నా పనికొస్తుంది. వాటిలో చాలా విళ్లు పిడి మధ్యలో మర తిప్పితే రెండుగా ఊడతాయి. మ్యూజియాల్లో ఇప్పటికీ చూడొచ్చు. మొగలులు ఆదోని కోటను పట్టుకున్న 1688 నాటి కాలం అది. ఆ కమ్మరులెవరికీ తాము సంప్రదాయం చెడగొడుతున్నామన్న దిగులు ఉన్నట్టు లేదు.

నాకు అసలు కోపం వచ్చింది మాత్రం ఇంకో విల్లు వల్ల.

మేం దూదేకులోళ్లం. ఆదోని అంటే పత్తి. రెండో బొంబాయి అని పేరు మోసిన ఊరు. మా తాత ఆ ఊరి వీధుల్లో భుజాన విల్లు వేసుకుని తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టినవాడు. మనిషంత బద్ద, ఒక కొసన వెడల్పాటి పలక, ఎండిన పేగుతో చేసిన నారి, దాని మీద కొట్టడానికి కొయ్య గుండు. టంయ్ టంయ్ మంటే దూది మబ్బులాగా లేచేది. పని అయిపోగానే నారి సడలించి, పలక ఊడదీసి కట్ట కట్టేవాడు. ఒకసారి బద్ద విరిగితే వడ్లాయనతో ఏటవాలు అతుకు వేయించి ఇనుప పట్టీ బిగించాడు. ఆ అతుకు మీదే ఇంకో ఇరవై ఏళ్లు ఇల్లు గడిచింది. మిషన్లు వచ్చి, ఆ తర్వాత స్పాంజి పరుపులు వచ్చి విల్లు అటక ఎక్కింది గానీ, అతుకు ఊడి కాదు.

ఆ అతుకును "ఒరిజినల్ కాదు" అనే ధైర్యం ఎవరికుంది?

ఈ స్వచ్ఛత గోల మాకు కొత్త కాదు. "మీరు సాయిబులా, హిందువులా? ఒక్క ముక్కలో చెప్పు" అని బళ్లో అడిగారు, అద్దె ఇంటి దగ్గర అడిగారు. ఒక్క ముక్కలో ఎట్లా చెప్పాలి? హుసేనప్ప, మస్తానయ్య. మా పేర్లలోనే ముందు సగం దర్గాది, వెనక సగం ఊరిది. తెలుగు తత్వం పాడిన దూదేకుల సిద్ధయ్య బ్రహ్మంగారి శిష్యుడు. ఆయన ఏ ముక్కలోకి వస్తాడు? అందుకే ఆ నిర్వాహకుడి నవ్వు నాకు ఆటలో నియమంలా వినపడలేదు. పాత ప్రశ్నే మళ్లీ అడిగినట్టుంది.

ఎమ్మిగనూరు మగ్గం సంగతీ ఇంతే. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. తాడు లాగితే నాడె తనే పరుగెత్తే ఏర్పాటు జాన్ కే అనే ఇంగ్లీషాయన 1733లో పేటెంటు తీసుకున్నది. ఆ నాడెతో నేసిన చీరను సంప్రదాయ చేనేత అని కళ్లకద్దుకుంటాం. అద్దుకోవాలి కూడా. నేసేది మనిషి చెయ్యి కాబట్టి. మరి విల్లు లాగేది ఎవరి చెయ్యి?

అవతలి వాదంలో బలం లేదనను. లాంగ్‌బో పిడితో సహా ఈ కొస నుంచి ఆ కొస దాకా వంగాలి. గొట్టం వేస్తే ఆ జానెడు మేర బిగుసుకుంటుంది, ఆ పని కూడా రెక్కలే చెయ్యాలి. చెక్కడంలో తేడా వస్తే రెక్క విరుగుతుంది. గొట్టం వదులైతే బాణం వదిలినప్పుడల్లా టక్కుమంటుంది. బరువూ కాస్త పెరుగుతుంది. అయితే బరువు రెక్కల కొసల్లో పెరిగితే బాణం వేగం తగ్గుతుంది, కదలని పిడిలో పెరిగితే తగ్గదు, చెయ్యి ఇంకాస్త నిలకడగా ఉంటుంది. ఇవన్నీ విల్లు బాగా చేశారా లేదా అన్న చర్చ. సంతోషంగా చేద్దాం, నా విల్లు తెస్తాను. సంప్రదాయమా కాదా అన్న తీర్పు దీంట్లోంచి రాదు.

అసలు మన పురాణంలో పెళ్లి జరిగిందే విల్లు నడిమికి రెండుగా విరిగినందుకు. జనకుడు "ఒంటి ముక్కగా లేదు, చెల్లదు" అనలేదు.

వచ్చే ఏడు పోస్టరు మీద "ఒంటి ముక్క విళ్ల పోటీ" అని వేసుకోండి. నేను రాను, గొడవ లేదు. ఆట మీది, నియమం మీది. సంప్రదాయం అన్న మాట మాత్రం వదిలిపెట్టి వెళ్లండి. దాన్ని మోసుకుని తిరిగినవాళ్లు ముక్కలు చేసుకునే మోశారు.