పాలగిన్నె కంటె ముందు వల

ద్వారక ఢిల్లీకి నైరుతి దిశన వెలసిన అపార్టుమెంట్ల ఉపనగరం. అక్కడ పై అంతస్తులోని ఇంటికి పిల్లికూనను తెచ్చుకునేవారు ముందుగా సిద్ధం చేయవలసినది పాలగిన్నె కాదు. బాల్కనీకీ, కిటికీలకూ గట్టి వల.

ఎంత ఎత్తు నుంచి పడినా పిల్లి కాళ్ళ మీదనే నిలుస్తుందన్న నమ్మకం సగమే నిజం. గాలిలో ఒళ్ళు తిప్పుకొని కాళ్ళు కిందికి తెచ్చుకోగలదు గాని, దెబ్బను తప్పించుకోలేదు. న్యూయార్కులో మేడల మీది నుంచి పడి ఒక పశువైద్యశాలకు చేరిన 132 పిల్లులను గూర్చిన పరిశీలన 1987లో వెలువడింది. చికిత్స పొందినవాటిలో పదింట తొమ్మిది బతికాయి. అయినా ఛాతీకి, దవడకు, కాళ్ళకు తగిలిన గాయాలు సామాన్యమైనవి కావు. పావురాన్ని చూసి ఎగిరే కూనకు అంతస్తుల లెక్క తెలియదు.

ఇక పాలగిన్నె మాట. ఆవుపాలు చాలా కూనలకు అరగవు, విరేచనాలవుతాయి. వాటికి తగినవి మాంసాహారం, మంచినీరు. ఉల్లి, వెల్లుల్లి విషతుల్యాలు. ఒళ్ళు వేడిగా ఉన్నదని పారాసిటమాల్ మాత్ర వేస్తే ప్రాణమే పోవచ్చు.

ఇసుక తొట్టెను తిండిగిన్నెకు దూరంగా ఉంచి, తినగానే కూనను అందులో దించుతూ ఉంటే కొద్ది రోజులలోనే అలవాటు పడుతుంది. కొడితే అది నేర్చుకునేది భయమొక్కటే. ఆటకు చేతివేళ్ళు కాక బంతిని ఇవ్వాలి. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టాలి. రేబిస్ టీకా సుమారు 3 నెలలకు వేయించాలి.

వల కట్టించడం ఒక పూట పని. ఆ పాటి శ్రద్ధ ఉన్న ఇంట పిల్లి 15 ఏళ్ళు తోడుండగలదు.