కనుమ దారిలో ఒంటరి ప్రయాణం

దేశాటనం వలన లోకజ్ఞానం అబ్బుతుందని మన పెద్దలు విశ్వసించారు. పూర్వం దేశాటనమంటే నెలల తరబడి సాగేది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశికి బయలుదేరినప్పుడు ఆయన వెంట పెద్ద పరివారమే కదిలింది. తిరిగి ఇల్లు చేరేసరికి ఏడాది దాటింది. ఆ అనుభవాల నుండే ‘కాశీయాత్ర చరిత్ర’ పుట్టింది. ఈనాడు అంత తీరిక ఎవరికీ లేదు. వారానికొక సెలవుదినం దొరికితే అదే పదివేలు. ఆ ఒక్క దినంలో మోటారు సైకిలు మీద ఒంటరిగా వంద కిలోమీటర్లు పోయి రావడాన్ని యాత్ర అనవచ్చునా? నిస్సందేహంగా అనవచ్చునని నా అభిప్రాయం. అయితే దాని విలువ ఎక్కడ ఉన్నదనే విషయంలో నాకు ఇంట్లోని పెద్దలతోనూ పేచీ ఉంది, బండి కొన్న యువకులతోనూ పేచీ ఉంది.

“ఒక్కడివే ఎందుకు? తోడుగా ఎవరినైనా తీసుకుపో” అంటారు పెద్దలు. దారిలో ఏదైనా జరిగితే ఆదుకొనేవారు ఉండరని వారి భయం. ఇక యువకుల సంగతి వేరు. ఒంటరిగా పోవడం వారికొక సాహసం. ఎవరి సహాయమూ అక్కరలేదని చాటుకోవడానికి అదొక అవకాశం. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలలో, ఎంత వేగంతో అన్న లెక్కలు మిత్రులకు చెప్పుకోవడానికి పనికివస్తాయి. ఒకరిది భయం, మరొకరిది గర్వం. కాని ఇద్దరి ఆలోచనకూ పునాది ఒకటే: ఒంటరి ప్రయాణమంటే మనుషులు లేని ప్రయాణమని. నా దృష్టిలో ఇది పొరపాటు. గుంపుగా పోయేవాడు తన గుంపుతోనే కాలం గడుపుతాడు. ఒంటరిగా పోయేవాడికి దారిలో కనిపించిన ప్రతి మనిషితోనూ పని పడుతుంది.

ఇందుకు నేను పలుమార్లు పోయి వచ్చిన విశాఖపట్నం – అరకు దారినే ఉదాహరణగా తీసుకుంటాను. దూరం సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట వరకు నేల దాదాపు చదునుగానే ఉంటుంది. దీనినే ఆ ప్రాంతంవారు ఎస్. కోట అంటారు. దారికి ఇరువైపులా మామిడి, జీడిమామిడి తోటలు, వరిమడులు, ఎదురుగా నీలిరంగు గీతలా తూర్పు కనుమలు. ఎస్. కోట దాటిన కొద్దిసేపటికి దారి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా మలుపులు తిరుగుతూ అరకులోయలోకి దిగుతుంది. లోయే సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దానిని చేరడానికి దాటవలసిన గాలికొండ మరింత ఎత్తైనది.

ఈ దారిన బస్సులున్నాయి, కార్లున్నాయి. వీటికి తోడు కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం కూడా ఉంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. యాభైకి పైగా సొరంగాల గుండా సాగే ఆ రైలు ప్రయాణం అద్భుతమైనదే. 2017 నుండి అద్దాల పైకప్పు గల పెట్టెలు కూడా ఆ మార్గంలో నడిచాయి. రైలును నేను తక్కువ చేయడం లేదు. అయితే రైలులో కూర్చున్నవాడికి కొండ కంటితో మాత్రమే తెలుస్తుంది. మోటారు సైకిలు మీద పోయేవాడికి అది చర్మానికి కూడా తెలుస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని భూగోళశాస్త్రంలో చదువుకున్నాం. పరీక్షలో ఒక మార్కుకు వచ్చే ఆ వాక్యం, టైడా దాటాక ఒక్కొక్క మలుపులో చొక్కా చేతుల్లోకి చలిగా దూరుతుంది. ఎండిన ఆకుల వాసన, తడిమట్టి వాసన, ఎక్కడో కాలుతున్న కట్టెల పొగ వరుసగా ఎదురవుతాయి. మార్చి, ఏప్రిల్ మాసాలలో ఒక జల్లు పడితే కాఫీ మొక్కలు తెల్లగా పూస్తాయి. మల్లెలను తలపించే ఆ పరిమళం మూసిన కిటికీ దాటి రాదు గదా!

ఇదంతా ప్రకృతి సౌందర్యం. అందరూ మెచ్చుకొనేదే కనుక దీనిని గురించి ఎక్కువ చెప్పను. నాకు ముఖ్యమైనది మరొకటి. ఇంత శరీరానికి దగ్గరగా సాగే ప్రయాణంలో మనిషి ఎంత నిస్సహాయుడో కూడా అంత దగ్గరగానే తెలుస్తుంది. కారులో వానకు అద్దం ఎత్తుకోవచ్చు. బండి మీద వానంటే ఎవరో ఒకరి చూరు కిందికి పరుగెత్తవలసిందే. టైరులో గాలి పోతే పంక్చరు వేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో దారిన పోయేవాడినే అడగాలి. కనుమలో చాలాచోట్ల ఫోనుకు సంకేతం అందదు. అరచేతిలోని పటం అక్కడ మూగబోతుంది. అప్పుడిక నోరు విప్పి దారి అడగాలి. అడగడమంటే బండి ఆపాలి, శిరస్త్రాణం తీయాలి, ఎదుటి మనిషి ముఖం చూడాలి. ఈ మూడు పనులూ గుంపుగా పోయేవారికి అంతగా అవసరం రావు. వారిలో ఒకడికి దారి తెలిసే ఉంటుంది, మరొకడి దగ్గర గాలిపంపు ఉంటుంది. పది బండ్లు ఒకేసారి వచ్చి ఊరి ముందు ఆగితే పిల్లలు వింతగా చూస్తారే కాని, పెద్దలు దగ్గరకు వచ్చి పలకరించరు. ఒక్క బండి ఆగితే “ఏమి కావాలి?” అని అడుగుతారు.

ఒక అక్టోబరు మాసంలో అనంతగిరి దాటాక హఠాత్తుగా కుండపోతగా వాన కురిసింది. దారి పక్కనున్న ఒక పెంకుటింటి చూరు కింద ఆగాను. ఇంటి యజమాని, అరవై దాటిన వృద్ధుడు, లోపలికి రమ్మని పీట వేశాడు. వేడి టీనీళ్ళు ఇచ్చాడు. పిదప నన్ను ఎగాదిగా చూసి, “ఒక్కడివే వచ్చినావా బాబూ? మీవోళ్ళు లేరా?” అని అడిగాడు. అందులో వింత కంటె జాలి ఎక్కువగా వినిపించింది. సెలవు కనుక ఊరికే చూడడానికి వచ్చానని చెప్పాను. చూడడానికి ఒక్కడూ ఇంత దూరం రావడం ఆయనకు అర్థమైనట్లు లేదు. వాన తగ్గగానే నేను లేవబోతే ఆపాడు. “పై మలుపుకాడ మట్టి జారుతాది. ఇంకొంచెం సేపాగి ఎల్లు” అన్నాడు. ఆగాను. అరగంట తరువాత పోయి చూస్తే, దారికి సగం మేర ఎర్రమట్టీ రాళ్ళూ పడి ఉన్నాయి. ఆ కొండ ఎప్పుడు జారుతుందో ఏ ఫలకమూ నాకు చెప్పలేదు. ఆ ఇంటి చూరు కింద నిలబడడం వల్లనే తెలిసింది.

చే గెవారా 1952లో తన మిత్రుడు అల్బెర్తో గ్రానడోతో కలిసి మోటారు సైకిలు మీద దక్షిణ అమెరికా ఖండం చుట్టివచ్చిన కథ చాలామంది యువకులకు తెలుసు. ఆ బండి బొమ్మ ముద్రించిన చొక్కాలు కూడా తొడుక్కుంటారు. వారికి అంతగా గుర్తుండని విషయమేమంటే, ఆ బండి చిలీ దేశంలోనే పూర్తిగా పాడైపోయింది. చుకికమాటా రాగిగనుల దారిలో గని కార్మికుని కుటుంబం వారికి ఎదురైనది అటు తరువాతనే. కాలినడకనో, దొరికిన లారీ పట్టుకొనో పోతున్నప్పుడు జరిగిన పరిచయాలే ఆ యాత్రకు పేరు తెచ్చాయి. బండి పాడైపోవాలని నేను ఎవరినీ కోరుకోమనను. దానిని తరచుగా ఆపమని మాత్రం అంటాను.

ఆపినప్పుడు తెలిసేది మరొకటి ఉంది. మనకు దృశ్యమైనది వేరొకరికి పొలం. అరకు ప్రాంతంలో నవంబరు, డిసెంబరు మాసాలలో వలిసెపూలు విరగబూస్తాయి. లోయంతా పసుపు ఆరబోసినట్లుంటుంది. దానిని చూడడానికి నగరాల నుండి వచ్చేవారు ఫొటోల కోసం చేలో దిగి మొక్కలను తొక్కుతారు. వలిసెలు నూనెగింజల పంట అన్న సంగతి వారికి తట్టదు. ఇటీవలి కాలంలో కొందరు రైతులు చేలో ఫొటోలు తీసుకొనేవారి నుండి కొద్దిపాటి రుసుము వసూలు చేస్తున్నారు. దీనిని విసుక్కొనేవారిని చూశాను. నాకైతే అది న్యాయంగానే తోచింది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు కలిసి దారిపొడవునా అడవిలా కనిపిస్తాయి. అదీ అడవి కాదు, గిరిజన కుటుంబాల సేద్యం. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతలో అల్లం, పసుపు, పిప్పళ్ళు, కొండచీపుళ్ళు అమ్మే స్త్రీలు తెల్లవారక ముందే తట్టలు నెత్తిన పెట్టుకొని కొండలు దిగివచ్చినవారు. బేరమాడేటప్పుడు వారు నడిచిన దూరం మనకు తెలియదు. మన బండి మీటరు మాత్రం మనకు తెలుసు.

ఇక గోస్తనీ నది సంగతి. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. నడుమ తాటిపూడి వద్ద దీనికి జలాశయం కట్టారు. ఆ నీరు విశాఖ నగరానికి కూడా వస్తుంది. సెలవునాడు కొండ చూసి వచ్చానని చెప్పుకొనే నగరవాసి, మిగిలిన దినాలలో ఇంట్లో కూర్చొని ఆ కొండ నీరు తాగుతున్నాడన్నమాట. ప్లాస్టిక్ సీసాను లోయలోకి విసిరేటప్పుడు ఈ భూగోళం ఒకసారి జ్ఞాపకం వస్తే బాగుండును.

నా వాదనకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. అపరిచితుల ఆదరణ మీద ఆధారపడమని చెబుతున్నాను. ఆ ధైర్యం అందరికీ సమానంగా ఉన్నదా? ఒక యువకుడు తెలియని ఇంటి చూరు కింద అరగంట నిలబడగలడు. ఒక యువతి అలా నిలబడేముందు ఎన్నో ఆలోచించుకోవాలి. ఒంటరిగా బండి మీద సుదూర యాత్రలు చేస్తున్న స్త్రీలు మన దేశంలో ఇప్పుడు ఎందరో ఉన్నారు. వారు పొందే ఆదరణతో పాటు, వారు పడే జాగ్రత్త కూడా రెట్టింపే. కాబట్టి “ఆడపిల్లవు, ఒంటరిగా వద్దు” అనడంతో సమస్య తీరిపోయిందని అనుకోకూడదు. దారి అందరిదీ కావలసినంతగా ఇంకా కాలేదు. ఆ లోపం దారిది, అమ్మాయిలది కాదు. ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థినులు ఈ మాటను ఇంట్లోనూ తరగతిలోనూ చర్చకు పెట్టాలని నా కోరిక.

విద్యార్థులందరికీ వర్తించే మాట మరొకటి ఉంది. గేరు గల మోటారు సైకిలు నడపడానికి పదునెనిమిదేళ్ళు నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు గాని, బండి యజమానికి గాని మూడేళ్ళ వరకు జైలుశిక్ష, పాతికవేల రూపాయల జరిమానా పడవచ్చు. ఒకటి రెండేళ్ళు ఆగితే కొండ ఎక్కడికీ పోదు. ఈలోగా అదే దారిన బస్సులో పోయి, అనంతగిరిలో దిగి, నాలుగు కిలోమీటర్లు నడిచి చూడవచ్చు. నేను చెప్పిన వాటిలో సగానికి పైగా నడకలోనూ దొరుకుతాయి.

తిరుగు ప్రయాణం గురించి నాలుగు మాటలు. దానిని ఎవరూ పట్టించుకోరు, ప్రమాదం మాత్రం అక్కడే పొంచి ఉంటుంది. కొండల్లో పొద్దు త్వరగా వాలినట్లు ఉంటుంది. శీతకాలంలో సాయంత్రానికే పొగమంచు దిగవచ్చు. కనుక మధ్యాహ్నం మూడు గంటలకు మించి అరకులో ఉండకపోవడం మంచిది. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపివేసి బండిని జారవిడిచేవారున్నారు. అది అవివేకం. ఇంజను పట్టు లేనప్పుడు భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, అవసరమైన మలుపులో పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేమాట మోటారు సైకిలుకూ వర్తిస్తుంది. ఇరుకు మలుపులో ఎదురుగా లారీ ఎక్కుతూ కనిపిస్తే దిగేవాడే ఆగి పక్కకు తప్పుకోవాలి. కొండదారిలో ఎక్కే వాహనానికే ముందు హక్కు. నిబంధన కూడా అదే చెబుతోంది. బరువుతో ఎక్కే బండి మధ్యలో ఆగితే మళ్ళీ కదలడం కష్టం. దిగే బండికి ఆ ఇబ్బంది లేదు.