బదిలీకి ముందు ఒక రీలు

మనలో చాలామందికి ఊరంటే మూడు నాలుగేళ్ల మాట. నాన్నకో అమ్మకో ఆర్డరు వస్తుంది, సామాను అట్టపెట్టెల్లోకి పోతుంది, టీసీ పట్టుకుని ఇంకో ఊరికి వెళ్తాం. మిగిలేవి ఫోన్లోని వందల ఫోటోలు. వాటిని మళ్లీ తీసి చూసేవాళ్లు ఎందరు? అందుకే పుదుచ్చేరి వదిలే ముందు ప్రతి ఒక్కరూ ఒక బ్లాక్ అండ్ వైట్ రీలు తీయాలంటాం. రీలంటే ఫోన్లో చూసేది కాదు, పాత కెమెరాలో వేసే 36 ఫోటోల ఫిల్ము.

మా ముగ్గురిలో ఒకరికి ఈ ఏడాది బదిలీ. బీరువాలో దొరికిన కెమెరాలో 400 స్పీడు ఫిల్ము వేసి, మనిషికి 12 చొప్పున పంచుకున్నాం. మొదటి రీలు పాడైంది. బీచ్ రోడ్డులో సూర్యుడు లేచేటప్పుడు తీశాం. మీటరు మెరిసే ఆకాశాన్ని చూసి వెలుతురు తగ్గించమంది, మేం తగ్గించాం. మొహాలు నల్లబడ్డాయి. స్కాన్ చేసి వాటిని తెల్లబరచబోతే ఇసుక చల్లినట్టు గ్రెయిన్ తేలింది. ‘స్పీడు ఫిల్ము ఇంతే’ అనుకున్నాం. నిజానికి తప్పు ఫిల్ముది కాదు, మాదే.

ఫిల్ము మీద వెండి లవణాల స్ఫటికాలుంటాయి. స్పీడు ఎక్కువైన ఫిల్ముల్లో సాధారణంగా ఇవి పెద్దవి, కొద్ది వెలుతురునే పట్టుకుంటాయి. కడిగాక మిగిలే వెండి రేణువుల గుంపులే మనకు గ్రెయిన్‌గా కనిపిస్తాయి. దాన్ని పూర్తిగా తీసేయలేం, అందంగా మాత్రం ఉంచగలం. రెండో రీలుకు మీటరును ఆకాశం వైపు కాక, దగ్గరికెళ్లి మొహం వైపు తిప్పి కొలిచాం.

కడగడంలోనూ ఓపిక కావాలి. మా ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్. డీ-76 డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. ఎండాకాలంలో మన కుళాయి నీళ్లు అంతకంటే చాలా వేడి. వేడి నీళ్లలో అంతసేపు ఉంచితే ఫిల్ము అతిగా కడగబడి గ్రెయిన్ ముతకబారుతుంది. అందుకని టబ్బులో ఐసు ముక్కలు వేసి, డెవలపర్ సీసాను అందులో నిలబెట్టాం. నిమిషానికోసారి పది సెకన్లు ట్యాంకును మెల్లగా తిప్పాం. రసాయనాలు కాబట్టి పెద్దవాళ్లు పక్కనే ఉన్నారు. ఈసారి మొహాల్లో నీడలు కూడా మెత్తగా వచ్చాయి. గ్రెయిన్ ఉంది, కానీ నూలు బట్ట నేతలా ఉంది.

ఈ ఊళ్లో ఇలాంటి పనికి పెద్ద ఉదాహరణే ఉంది. 1950 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ ఇక్కడి ఆశ్రమంలో శ్రీ అరవిందులను ఫోటో తీశారు. ఫ్లాష్ అంటే ఆయనకు గిట్టదు, ఉన్న వెలుతురే చాలనేవారు. ఆ డిసెంబరు 5న అరవిందులు కన్నుమూశారు. ఆ ఏప్రిల్‌లో తీయకపోతే ఇంకో అవకాశం ఉండేది కాదు. మనకూ ఊళ్లు అలాంటివే.

ఫోన్లో గ్రెయిన్ ఫిల్టరు ఉంది కదా అంటారు కొందరు. చాలా ఫిల్టర్లు బొమ్మంతా ఒకేలా చుక్కలు చల్లుతాయి. ఫిల్ములో అది వెలుగునీడలను బట్టి మారుతుంది, మధ్య బూడిద రంగుల్లో ఎక్కువ తెలుస్తుంది. ఖర్చు ఎక్కువంటారు ఇంకొందరు. నిజమే, అందుకే ముగ్గురం పంచుకున్నాం. 12 ఫోటోలే ఉంటే, మీట నొక్కే ముందు గౌబెర్ట్ మార్కెట్‌లో పూలమ్మే అవ్వను కాసేపు నిలబడి చూస్తాం, పలకరిస్తాం. ఫోన్ పట్టుకుని వెళ్లినప్పుడు ఆ పని మేమెప్పుడూ చేయలేదు.

మా నెగటివ్‌లను ఆరేసి కత్తిరించి మూడు కవర్లలో పెట్టుకున్నాం. ఒక కవరు ఏప్రిల్‌లో రైలెక్కుతుంది. మీ ఇంట్లో ఆర్డరు రాకముందే మీరూ ఒక రీలు కొనండి.