దూరదర్శినికి ఏ ఐపీసు మేలు?

ప్రశ్న: మా అబ్బాయి 60 మిల్లీమీటర్ల దూరదర్శినితో 25, 10, 4 మిల్లీమీటర్ల ఐపీసులు వచ్చాయి. అన్నిటికన్నా పెద్దగా చూపే 4లో గురుగ్రహం మసకగా ఉంటున్నదేం?
— ఒక తండ్రి, చీరాల

జవాబు: గొట్టం మీద నాభ్యంతరం 700 అని ఉంటే, దాన్ని ఐపీసు అంకెతో భాగించండి. 25తో 28 రెట్లు, 10తో 70, 4తో 175 రెట్లు వస్తుంది. 60 మిల్లీమీటర్ల కటకం 120 రెట్ల దాకానే పనికొస్తుంది. ఆపైన బొమ్మ పెరుగుతుందే గాని వివరం పెరగదు. పాలలో నీళ్లు పోసినట్టే. 25తో గురుణ్ణి, చుట్టూ నాలుగు చందమామలనూ పట్టుకుని, తర్వాత 10 పెట్టి గ్రహం మీది చారలు చూడమనండి. వాడరేవు ఒడ్డున చూసేటప్పుడు, గ్రహం సముద్రపు ఆవిరి దాటి పైకొచ్చేదాకా ఆగాలి. సూర్యుణ్ణి మాత్రం ఏ ఐపీసుతోనూ చూడనివ్వకండి. క్షణంలో చూపు పోగలదు.