గోడమీది కూరతోటకు చేపయే కాపరి

కాకుమాను చుట్టుపట్ల నల్లరేగడి భూములలో ప్రత్తియు, మిరపయు, కాలువనీరు అందినచోట వరియు పండును. ఇంత పండించు సీమలో సయితము గృహిణి పిడికెడు తోటకూరకు అంగడివైపు చూడవలసి వచ్చుచున్నది. కారణములు మనము ఎఱుగనివి కావు. ఇండ్లు పెరిగి పెరడులు తఱిగినవి. కాలువలు కట్టివేసిన వేసవిలో నీటికి కటకట. పెక్కుచోట్ల బావినీరు ఉప్పన. వీటికి మించిన చింత మఱియొకటి గలదు. ప్రత్తికిని మిరపకును పురుగుమందులు ఎంతగా చల్లుదురో ఈ ప్రాంతపు స్త్రీలకు ఒకరు చెప్పనక్కఱలేదు. కొని తెచ్చిన ఆకుపై ఏమి చల్లిరో, ఎన్నడు చల్లిరో ఎవరికి ఎఱుక? పిల్లలకు పప్పుకూర కలిపి పెట్టునపుడు ఈ సందేహము తల్లి మనస్సును బాధించుచునే యుండును.

అందువలన ఈ నెల చేపలనీటితో పెంచు గోడతోటను గూర్చి ముచ్చటింతము. దీనిని నేడు ఆక్వాపోనిక్సు అనుచున్నారు. పేరు క్రొత్తదేగాని పద్ధతి మనకు పరాయిది కాదు. అంట్లు కడిగిన నీటిని అరటిపాదునకు మఱలించుట మన అవ్వలు ఎఱిగిన విద్యయే. చైనాదేశములోని ఛింగ్‌టియెన్ ప్రాంతమున వరిమళ్లలో చేపలను పెంచు ప్రాచీనపద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ 2005లో లోకమునకు ఆదర్శప్రాయమైన వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. మొక్కలను గోడవలె నిలువున పెంచు నిర్మాణమునకు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయాచార్యుడగు స్టాన్లీ హార్ట్ వైట్ 1938లోనే పేటెంటు పొందెను. ఈ రెండింటిని కలిపినచో మన గోడతోట యగును.

ఇందలి కీలకము కంటికి కనబడదు. చేప తిన్న మేతలో కొంత అమోనియాగా మాఱి, ముఖ్యముగా మొప్పలద్వారా నీటిలో కలియును. అది నిలిచినచో చేపకు విషము. నీటిలో నివసించు కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును; ఇదియును విషమే. మఱికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును; అది మొక్కకు ఆహారము. ఈ జీవుల వ్యాపారమును రష్యాదేశీయుడగు వినొగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున లోకమునకు వెల్లడించెను. కావున ఈ తోటలో మనము పెంచునవి చేపలు, మొక్కలు మాత్రమే కావు. వాటి నడుమ వంటలక్కవలె పనిచేయు ఈ అదృశ్యజీవులను గూడ పెంచవలెను.

ఇక కొలతలు. 500 లీటర్ల తొట్టి ఒక కుటుంబపు తొలిప్రయత్నమునకు చాలును. నూఱేసి గ్రాముల చేపలు 30 అందులో సుఖముగా నుండును. చేపల బరువులో నూటికి రెండువంతుల చొప్పున దినమునకు మేత 60 గ్రాములు. ఆకుకూరలు పెరుగు ప్రతి చదరపు మీటరునకు దినమునకు 40 నుండి 50 గ్రాముల మేత కావలెనని ఆహార వ్యవసాయసంస్థవారి లెక్క. అంతచోట 20 నుండి 25 మొక్కలు పట్టును. కాబట్టి 60 గ్రాముల మేతకు సుమారు 30 మొక్కలు. చేపపిల్లలు చిన్నవైనపుడు మేతయు తక్కువే. మొక్కలను గూడ అందుకు తగినట్లు తక్కువగానే నాటవలెను. చేపలను లెక్కించుటకంటె మేతను తూచుట ముఖ్యమని గుర్తుంచుకొనుడు.

తొట్టిని నేలమీదనే జానెడెత్తు ఇటుకఅరుగుపై ఉంచవలెను. లీటరు నీరు కిలో బరువు గనుక 500 లీటర్లనగా అర టన్ను! పాత మిద్దెపై దీనిని మోపుట అపాయము. గొట్టములను ఇంటిగోడకు తగిలింపరాదు. గోడ చెమ్మగిలును, మట్టిగోడయైనచో కూలును. గోడకు మూరెడు ఎడముగా సరుగుడు కఱ్ఱలతో చట్రము నిలుపుడు. ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నము నీడపడు తూర్పువైపు మేలు. నాలుగంగుళాల గొట్టములు, రెండేసి మీటర్లవి ఐదింటిని, జానెడు ఎడముతో ఒకదానిక్రింద నొకటిగా అమర్చవలెను. మీటరునకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇచ్చినచో నీరు ఒకదానినుండి మఱొకదానిలోనికి వంకరలుగా దిగివచ్చును. ఒక్కొక్క గొట్టమునకు అడుగుదూరమున ఆఱు రంధ్రములు చేసి, చిల్లుల చిన్నగిన్నెలలో కంకరపోసి మొక్కలను నిలుపవలెను. గొట్టములకు తెల్లరంగు పూసినచో వేసవిలో నీరు కాగదు. వెలుతురు సోకనందున నాచు పట్టదు.

నీటినడక ఇట్లుండవలెను. తొట్టి అంచునుండి పొర్లిన నీరు మొదటి పీపాలో పడి, మలినమును అడుగున దించుకొనును. అచ్చటినుండి కంకరపోసిన రెండవపీపాలోనికి పోవును. సూక్ష్మజీవుల నివాసము ఈ కంకరయే. ఈ పీపా నడుమ చిల్లుల గొట్టము నిలిపి, అందులో చిన్నమోటారు నుంచి నీటిని పైగొట్టమునకు ఎక్కింపవలెను. క్రిందిగొట్టపునీరు మరల తొట్టిలో ధారగా పడును. ఈ అమరికలో గొట్టము పగిలినను పీపాలోని నీరే పోవునుగాని చేపలతొట్టి ఎండదు. తొట్టినీరంతయు గంటకొకమాఱు తిరుగునట్టి మోటారు కావలెను. కంకర నల్లఱాతిది కావలెను. దానిపై నిమ్మరసము పిండినపుడు నురుగు పొంగినచో అది సున్నపుఱాయి, వాడరాదు. ఆల్చిప్పలు కలిసిన సముద్రపుటిసుకయు పనికిరాదు.

అంతయు అమర్చినపిదప ఓర్పు కావలెను. కుళాయినీటిలో క్లోరిను ఉండును గనుక రెండుదినములు తెఱచియుంచి వాడవలెను. మొదట నాలుగైదు చేపలనే విడిచి, స్వల్పముగా మేత వేయుచు మూడునుండి ఐదు వారములు వేచియుండవలెను. రంగుచేపల దుకాణములలో దొరకు పరీక్షసామగ్రితో వారమునకు రెండుమార్లు నీటిని చూడుడు. అమోనియా, నైట్రైటు రెండును దాదాపు లేకుండపోయి నైట్రేటు కనబడిననాడు తోట సిద్ధమైనట్లు. తొందరపడి ఒక్కనాడే అన్ని చేపలను విడిచిన తొట్టిలో తెల్లవాఱుసరికి చావులే మిగులును.

తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీన, కొత్తిమీర ఈ గోడపై చక్కగా పెరుగును. తీగబచ్చలిని క్రిందివరుసలో నాటి చట్రముపైకి ప్రాకింపవచ్చును. దుంపకూరలు, పెద్దవేళ్లుగల గోంగూర దీనికి తగవు. లేతాకులు పసుపుబాఱి ఈనెలు మాత్రము పచ్చగానున్నచో ఇనుము కొఱతయని యెఱుగుడు. చేపమేతలో ఇనుము మొక్కకు చాలినంత ఉండదు. చేపలు తినని ఇండ్లవారు గోల్డుఫిష్ పెంచుకొనవచ్చును. బొచ్చె, శీలావతి పెద్దవిగా పెరుగును గనుక చిన్నతొట్టి వాటికి చాలదు.

నిత్యము చూడవలసినవి కొన్ని గలవు. అరగంటలో చేపలు తినగలిగినంత మేతయే వేయవలెను. మిగిలిన అన్నము తొట్టిలో పాఱవేయరాదు. మొదటిపీపా అడుగుమడ్డిని వారమునకొకమాఱు తీసి అరటికో మల్లెకో పోయుడు. ఆవిరైన నీటిని ఎప్పటికప్పుడు నింపుడు. కరెంటు పోయి చేపలు పైకివచ్చి నోరు తెఱచుచున్నచో, చెంబుతో నీరు ముంచి ఎత్తునుండి ధారగా పోయుచుండవలెను. గాలి కలిసి అవి తేఱుకొనును. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఒకటి ఇంటనున్న మఱియు మేలు. పసివాండ్రున్న ఇంట తొట్టిపై బలమైన వల కట్టక నిద్రింపరాదు. మోటారు తీగను తడిచేతితో ముట్టరాదు. కోసిన ఆకులను మంచినీట కడిగి వండుకొనుడు.

కడపట, అన్నిటికంటె ముఖ్యమైన నియమము. ఈ గోడపై ఏ పురుగుమందును చల్లరాదు. వేపనూనె సయితము చేపలకు హానిచేయును. పురుగులను చేతితో ఏఱివేయవలెను. పేనుపట్టిన ఆకును త్రుంచవలెను. పొలమున మందు కొట్టివచ్చిన చేతులు తొట్టిలో పెట్టరాదు. మందుల ఖాళీడబ్బాలు, పీపాలు ఎన్నిమార్లు కడిగినను ఈ పనికి రావు. అసలు ఇంటిలో దేనికిని రావు. పొరుగుచేలో మందు చల్లునాడు తొట్టిపై గుడ్డ కప్పుడు.

నియమము కఠినమైనదే. ఈ తోటవలన ధనలాభమును లెక్కింపకుడు. మంచి పెరడును తీయని నీరును గలవారికి నేలతోటయే సులభము. కాని చోటులేని ఇంట, తన చేతితో కోసిన ఆకుపై విషము లేదని తల్లి ధైర్యముగా చెప్పగలుగుట చిన్నలాభమా? నీటిలో మందు కలిసినచో తొట్టిలోని చేప ఆ సంగతి చెప్పవచ్చును, కాని ఆకుపై మందు లేదనుటకు చేప ఒక్కటే సాక్ష్యము కాదు. ఈ నియమములను తప్పక పాటించి, ఆ గోడమీది ఆకును మంచినీట కడిగి పసిబిడ్డకు వండి పెట్టవచ్చును.