పట్టాభిషేకం తరువాత

కథల్లో రెండవ భాగం మీద అలిగినవాణ్ణి చూస్తే మన పెద్దలకు నవ్వు వస్తుంది. పరీక్షల మీద లేని పట్టింపు ఈ పనికిమాలిన ఆటల మీద ఎందుకయ్యా అంటారు. 'ది లాస్ట్ ఆఫ్ అస్' అనే వీడియో గేమ్ మొదటి భాగం 2013లోనూ, రెండవది 2020 జూన్‌లోనూ వచ్చాయి. కంప్యూటర్ మీద ఆ రెండవ భాగం ఆడుకునే వీలు 2025లో కలిగింది గనుక మా హాస్టల్లో ఆ తగాదా ఇంకా పచ్చిగానే ఉన్నది. దాని బరువు మోయగల లాప్‌టాప్ మాలో ఒక్కడి దగ్గరే ఉంది. మిగతా వాళ్ళం మంచాల మీద కూర్చుని చూసేవాళ్ళం, తిట్టేవాళ్ళం.

తెలియని వారికోసం రెండు మాటల్లో కథ చెబుతాను. మొదటి భాగమంతా జోయెల్ అనే నడివయసు మనిషి ఎల్లీ అనే పిల్లను కాపాడుకుంటూ దేశం దాటిస్తాడు. చివరకు ఆమెను దక్కించుకోవడానికి కొందరిని చంపుతాడు, ఆ సంగతి దాచి ఆమెతోనే అబద్ధమాడతాడు. రెండవ భాగం మొదలైన కాసేపటికే ఆబీ అనే యువతి అతణ్ణి కొట్టి చంపుతుంది. ఆమె, జోయెల్ చేతిలో చచ్చిన వైద్యుని కూతురు. అంతటితో ఊరుకున్నారా అంటే లేదు. దాదాపు సగం ఆట ఆ ఆబీగా మన చేతనే ఆడించారు. అభిమానులకు ఒళ్ళు మండింది. విమర్శకులు తలకెత్తుకున్న ఆటకు జనం సున్నా మార్కులు వేశారు. ఆబీకి గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు కూడా పంపారు. ఇది మాత్రం సిగ్గుమాలిన పని. సూర్యకాంతం గారు తెర మీద గయ్యాళి అయితే ఇంట్లోనూ గయ్యాళేనా?

ఇంతకన్న మర్యాదగా అలిగినవాళ్ళూ ఉన్నారు. 2012లో 'మాస్ ఎఫెక్ట్' మూడవ భాగం వచ్చినప్పుడు, మూడు రకాల ముగింపులని చెప్పి రంగు మాత్రమే మార్చి ఒకే ముగింపు పెట్టారని ఆటగాళ్ళు అలిగారు. మూడు రంగుల పైపూతతో చిన్న కేకులు చేయించి ఆ కంపెనీ ఆఫీసుకే పంపారు. రంగులు మూడు, రుచి ఒక్కటే! ఆ కంపెనీ అదే ఏడు ముగింపును కొంత పెంచి, ఉచితంగా మళ్ళీ ఇచ్చింది.

ఇదంతా పరదేశపు వేలంవెర్రి అని కొట్టిపారేయడానికి మన జిల్లాల వాళ్ళకు అసలే హక్కు లేదు. రెండవ భాగం మీద అలకలో మనకున్న అనుభవం ప్రపంచంలో ఇంకెవరికి ఉన్నది? నేను ఉత్తరకాండ గురించి అంటున్నాను.

వాల్మీకి రామాయణంలో యుద్ధకాండ చివర పట్టాభిషేకం జరుగుతుంది. ఫలశ్రుతి కూడా అక్కడే వస్తుంది. ఫలశ్రుతి అంటే మన భాషలో శుభం కార్డు. అది పడ్డాక మళ్ళీ ఇంకొక కాండ! అది తరువాతి కాలంలో చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ చర్చ నా తాహతుకు మించినది, పైగా నాకు దానితో పని లేదు. ఎవరు రాసినా జనం నోట్లోకి వచ్చిన కథ గనుక దాన్ని కథగానే నిలదీస్తాను.

మా నాయనమ్మ 'లవకుశ' సినిమాను 1963లో విడుదలైనప్పుడు చూసిందో తరువాత చూసిందో గాని, ఇప్పటికీ టీవీలో వస్తే లక్ష్మణుడు రథం తోలే దగ్గర లేచి వెళ్ళి గొడ్లకు కుడితి పెడుతుంది. "అట్టెట్టా చేస్తాడయ్యా ఆయన? ఆయన అసుమంటోడు కాదుగా!" అంటుంది. ఆమెకు చదువు లేదు. కాని అభిమాని ఫిర్యాదు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. విషాదం ఎందుకు పెట్టావని కాదు ఆమె అడిగేది, ఆయన అలాంటివాడు కాదే అని. భారతం చివర ద్రౌపది, ఆమె వెనుక నలుగురు పాండవులు దారిలో కూలిపోతారు. అంతకన్న విషాదం ఏముంది? అయినా వ్యాసుడి మీద ఎవరూ అలగలేదు. జూదం నాటినుంచి ఆ కథ అటే నడుస్తున్నది గనుక.

ఉత్తరకాండలో అలా కాదు. తండ్రి ఇచ్చిన మాటకోసం నారచీరలు కట్టిన మనిషి, ముఖం మీద నిజం చెప్పడంలో వెనుదీయని మనిషి, గర్భవతి అయిన భార్యకు ఒక్క మాట చెప్పడు. ఆశ్రమాలు చూడాలని ఆమె ముచ్చటపడి అడిగిన కోరికనే సాకుగా పెట్టుకుని తమ్ముడితో పంపించేస్తాడు. చెప్పే పని కూడా తమ్ముడిదే, అదీ గంగ దాటాక. నా దృష్టిలో విడిచిపెట్టడంకన్న ఈ చెప్పకపోవడమే పెద్ద దెబ్బ. మొదటి ఆరు కాండల్లో మనకు పరిచయమైన రాముడు కోపగించుకోగలడు, కఠినంగా మాట్లాడగలడు, లంకలో మాట్లాడాడు కూడా. చాటుగా పంపేయడం మాత్రం ఆయనకు చేతకాదు.

లంకలో అన్నానుగా, అక్కడ అగ్నిపరీక్ష ఒకటి అయిపోయింది. మా కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ చేసేటప్పుడు రీడింగులు కలిసేదాకా మళ్ళీ చేయమంటారు, సరే. కలిసిన రీడింగును రికార్డులో రాసి సంతకం అయ్యాక, వరండాలో ఎవరో ఏదో అన్నారని దాన్ని కొట్టేయమంటే ఏ విద్యార్థి ఊరుకుంటాడు? ఉత్తరకాండ చేసింది అదే. మొదటి భాగంలో సాక్షాత్తు అగ్నిదేవుడు చేసిన సంతకాన్ని కొట్టేసింది.

అలిగినవాళ్ళు ఊరకే కూర్చోలేదు. 8వ శతాబ్దంలో భవభూతి 'ఉత్తరరామచరితం' రాసి, చివరి అంకంలో రాముడి ఎదుటే నాటకంలో నాటకం ఆడించి, సీతారాములను కలిపేశాడు. ముగింపు మార్చిన అభిమానుల్లో ఆయన్ను మించినవాడు లేడు. 13వ శతాబ్దంలో మన తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' చెప్పి, రాముని అవతార సమాప్తి మాత్రం చెప్పకుండా వదిలేశాడు. తరువాత జయంతి రామభట్టు దానిని పూరించాడు. తెలుగు ఆడవాళ్ళ రామాయణపు పాటల్లో ఇంకొక తమాషా ఉంది. శూర్పణఖ మారువేషంలో అంతఃపురానికి వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతను వేధిస్తుంది. సీత ఏనాడూ వాడి ముఖం చూసి ఎరుగదు గనుక కాలి బొటనవేలు మాత్రం గీసి ఇస్తుంది. మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తిచేసి అంటగడుతుంది. ఎందుకీ కల్పన? ఊరివాళ్ళ పుకారు ఒక్కటే కారణమంటే పాడే అమ్మలకు చాలలేదు. మా నాయనమ్మ పడ్డ ఇబ్బందే వాళ్ళూ పడ్డారు.

ఆ పుకారు సంగతి కూడా చెప్పుకోవాలి. వాల్మీకంలో చాకలి లేడు. పట్టణంలో జనం అనుకుంటున్న మాటను రాజుకు చేరవేసినవాడు భద్రుడనే కొలువువాడు (మన కొండకు పేరిచ్చిన భద్రుడు వేరు, కంగారు పడకండి). కథ చేతులు మారుతూ వచ్చి, నాటకాల్లోనూ సినిమాల్లోనూ నింద మొత్తం ఒక చాకలి ఇంటి గొడవ మీద పడింది. ఊరంతా అన్న మాటకు ఒక పేదవాణ్ణి జవాబుదారీ చేయడం మన పల్లెల్లో బతికిన వాళ్ళెవరికీ వింతగా తోచదు.

లవకుశుల యుద్ధం కూడా వాల్మీకంలో లేదు. అక్కడ పిల్లలు రాముడి సభలో రామాయణం పాడతారు, అంతే. యుద్ధం తరువాతి కల్పన. మరి జనానికి దానిమీద అంత మోజు ఎందుకు? హాలులో ఎవరి పక్షాన ఈలలు వేస్తాం? అయోధ్య సేన పక్షాన కాదు గదా! పిల్లల చేతిలోని విల్లు మనమే పట్టుకున్నట్లు చూస్తాం. ఆబీగా ఆడవలసి వచ్చిందని మా హాస్టల్లో బట్టలు చించుకున్న మిత్రులకు ఇది ఆనాడే చెప్పాను. నాయకుడి మీద బాణం వేసే వేషం మనకు ఇవ్వడం ఆ కంపెనీ కనిపెట్టింది కాదు.

ఇక భద్రాచలం. ఇక్కడి జనం అలగనూ లేదు, ముగింపు మార్చనూ లేదు. అసలు అక్కడిదాకా పోరు. నవమినాడు కల్యాణం, మరునాడు పట్టాభిషేకం, అంతే. మళ్ళీ ఏడాదికి మళ్ళీ కల్యాణం, ముత్యాల తలంబ్రాలు. గర్భగుడిలో సీతమ్మ పక్కన నిలబడి కూడా లేదు, స్వామి ఎడమ తొడమీదే కూర్చుని ఉంది. 35 కిలోమీటర్ల అవతల దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు వెళితే సీతమ్మ చీరలారేసిన బండ అని రంగుల చారలు చూపిస్తారు. రావణుడు ఎత్తుకుపోయింది ఇక్కడినుంచే అని చెబుతారు. ఎడబాటు కథ ఉన్నది గాని దానికి కారణం రావణుడు, రాముడు కాదు.

నేలకొండపల్లి గోపన్న గారినే తీసుకోండి. గోల్కొండ చెరసాలలో ఉండి రాముణ్ణి పిలిచి పిలిచి విసిగి, నువ్వైనా చెప్పవమ్మా అని సీతమ్మకు అర్జీ పెట్టుకున్నాడు. ఆమె చెబితే ఆయన వింటాడన్న నమ్మకం మీద ఆ కీర్తన నిలబడింది. ఉత్తరకాండ రాముడి దగ్గరకు ఆ అర్జీ ఎవరి ద్వారా పంపగలం?

కథే కదా, ఏం నష్టం అంటారా? ఇంటర్‌లో మాతో చదివిన ఒక అమ్మాయిది అడవి అంచున పల్లె. ఒకరోజు చివరి బస్సు తప్పిపోతే తరగతి మిత్రుడు బండి మీద దించి వచ్చాడు. వారం తిరిగేసరికి ఊరంతా ఒకటే మాట. పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన, "రాముడంతటివాడే లోకం మాట విన్నాడు, మనమెంత!" అన్నాడట. చదువు మాన్పించారు. జువాలజీ చదవాలని ఆమె కోరిక. కప్పను కోయడానికి మేము వణికితే మా చేతిలో కత్తెర లాక్కుని పని చేసిన పిల్ల. అంత పంచాయితీలోనూ, ఏం జరిగిందమ్మా అని ఆమెను అడిగిన నాథుడు లేడు. రెండవ భాగం అక్కడ సాక్ష్యంగా పనికివచ్చింది. అందుకే అది చెడిపోతే నాకు పట్టింపు.

అయినా ఉత్తరకాండను గోదాట్లో కలిపేయమని నేను అనను. భద్రాచలంలో లాగా పట్టాభిషేకం దగ్గర ఆపేస్తే కళ్ళకు నిండుగా ఉంటుంది గాని, సీత చివరి జవాబు కూడా దానితోపాటు పోతుంది. నైమిశారణ్యంలో అశ్వమేధం నాడు, పక్కన బంగారు బొమ్మను పెట్టుకుని కూర్చున్న సభలో, మళ్ళీ ఋజువు చూపమన్నారు. ఆమె రాముడితో వాదించలేదు. నేను సత్యమైతే నాకు చోటు ఇవ్వమని కన్నతల్లిని అడిగి వెళ్ళిపోయింది. ఓల్గా గారి 'విముక్త' కథల్లో సీతకు ఇంకా చాలా మాటలు దొరికాయి. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ మాటలన్నిటికీ చోటు ఇచ్చింది ఆ చెడ్డ రెండవ భాగమే.

వచ్చే వార్షికోత్సవానికి లవకుశ నాటకం వేద్దామని మన సంఘం మిత్రులు అనుకుంటున్నారు. వేయండి. చాకలి దృశ్యం ఎత్తేయండి, హాస్యం తగ్గినా ఫరవాలేదు. విల్లంబులు అట్టముక్కలతో చేసినా ఫరవాలేదు. నైమిశారణ్యం సభ వచ్చినప్పుడు మాత్రం సీత వేషం వేసిన అమ్మాయిని మైకు ముందుకు రానివ్వండి, ఆమె మాట అయ్యేదాకా తెర దించకండి.